ఎలుగుల నడుమ క్షేమంగా బతకడానికి ఉద్దానం తోటల ఊళ్ల వినతిపత్రం

గౌరవనీయులైన శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి,

ఉద్దానం తీర గ్రామాల రైతులు, కౌలుదారులు, జీడితోట కూలీలు, మత్స్యకారులు, మహిళా సంఘాల సభ్యులు నమస్కరించి చేసుకుంటున్న విన్నపం.

ప్రతులు: జిల్లా అటవీ అధికారి గారికి, పలాస రెవెన్యూ డివిజనల్ అధికారి గారికి, జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారి గారికి.

విషయం: వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట మండలాల తోటల ఊళ్లలో ఎలుగుబంట్ల దాడుల నుంచి మనుషులకు, మనుషుల దాడుల నుంచి ఎలుగులకు రక్షణ కల్పించడం గురించి.

జీడి ఇప్పుడు పూత మీద ఉంది. మార్చి వచ్చేసరికి పిక్కలు రాలడం మొదలవుతుంది. అప్పటినుంచి పనస ముగ్గి, తొలకరి పడేదాకా మా ఊళ్లలో ఆడా మగా తెల్లారకముందే తోటలో ఉంటారు. అదే తోటకి, ఆ మసక వెలుతురులోనే ఎలుగుబంట్లూ వస్తాయి. మా ప్రాంతంలో ఘోరమైన దాడులు జరిగింది ఎక్కువగా ఈ కాలంలోనే. ఏదైనా చేయడానికి ఇంకా వ్యవధి ఉండగానే మీ దగ్గరికి వస్తున్నాం.

జరిగినవి మీ రికార్డుల్లో ఉన్నవే. 2018 జూన్‌లో సోంపేట మండలం ఎర్రముక్కాంలో ఎలుగు దాడికి భార్యాభర్తలిద్దరూ బలయ్యారు. కడుపుమంటతో ఊరివాళ్లు ఆ ఎలుగును కొట్టి చంపారు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో జీడితోటకి వెళ్లిన రైతు తిరిగి రాలేదు. మర్నాడు మరికొందరు తీవ్రంగా గాయపడ్డారు. అటవీ సిబ్బంది మత్తుమందు ఇచ్చి పట్టుకున్న ఆ ఎలుగు కూడా బతకలేదు. 2024 మార్చిలో మళ్లీ అదే మండలంలో ఇద్దరి ప్రాణాలు పోయాయి. ఇవి పేపర్లో వచ్చినవి. చెంప చీరుకుపోయి, భుజం విరిగి, పది పదిహేను కుట్లతో ఇంటికి చేరి, ఆ తర్వాత తోట ముఖం చూడలేకపోయినవాళ్లు మా ఊళ్లలో ఇంకా ఉన్నారు. వాళ్ల గురించి ఎవరూ రాయలేదు.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. ఎలుగుల్ని చంపమని మేం అడగడం లేదు. అన్నిటినీ పట్టుకుని ఎక్కడికో తోలేయమనీ అడగడం లేదు. మా తాతల నాటికే అవి ఇక్కడున్నాయి. ఇసుక దిబ్బల మీది మొగలి డొంకల్లో, మందస వైపు కొండ గుహల్లో, పట్టించుకునేవాళ్లు లేక పొదలు కమ్మిన పాత తోటల్లో వాటి కాపురం. ఒకదాన్ని తీసుకెళ్లి దూరాన వదిలితే, తిండి ఉన్న ఈ చోటికి మరొకటి వస్తుంది. మేం కోరేది ఒక్కటే: మనిషీ ఎలుగూ చీకట్లో రెండడుగుల దూరాన హఠాత్తుగా ఎదురుపడే సందర్భాలు తగ్గాలి. ఈ కాగితంలో ఉన్న కోరికలన్నీ ఆ ఒక్కదాని కోసమే.

ఎందుకు ఎదురుపడతామో, అది ఎందుకు మీద పడుతుందో తెలిస్తే చేయాల్సింది అదే తెలుస్తుంది. మన ఎలుగు మాంసం కోసం వేటాడే జంతువు కాదు. దాని ముఖ్యమైన తిండి చెదలు, చీమలు, తేనె, పళ్లు. ముక్కు చాలా చురుకు, చూపు మందం. పుట్టలో మూతి పెట్టి చెదల్ని పీల్చేటప్పుడు ఆ చప్పుడు వంద మీటర్ల దూరం వినబడుతుందని ఎలుగుల్ని గమనించినవాళ్లు చెబుతారు. ఆ పనిలో ఉన్నప్పుడు మనిషి దగ్గరికి వచ్చేదాకా దానికి తెలియదు. తెలిసేసరికి మనిషి మరీ దగ్గర్లో ఉంటాడు. పులులున్న అడవుల్లో తరతరాలుగా బతికిన జాతి కాబట్టి, పారిపోవడం కన్నా ఎదురు తిరగడమే దానికి అలవాటు. ముందుకాళ్ల గోళ్లు పుట్టలు తవ్వడానికి ఏర్పడినవి. అవి మనిషి ముఖం మీద పడితే ఏమవుతుందో మేం చూశాం.

ఇంకో సంగతి ఉంది. ఎలుగు ఈనేది ఎక్కువగా చలికాలంలో. పిల్లలు గుహ వదిలి తల్లి వీపెక్కి బయటికి వచ్చే రోజులూ, మా జీడి ఏరుడు మొదలయ్యే రోజులూ దాదాపు ఒక్కటే. వీపు మీద పిల్లలున్న తల్లి ఎలుగు అన్నిటికన్నా ప్రమాదకరం. అంటే మా పనికాలం, దాని భయంకాలం కలిసి వస్తున్నాయి. క్యాలెండరును మార్చలేం కాబట్టి, పని చేసే తీరును మార్చుకోవాలి. అందుకు ప్రభుత్వం చేయూత కావాలి.

మా మొదటి కోరిక తోటలో పని గురించి. పిక్కలు ఏరే మనిషి నడుం వంచి, తల కిందికి పెట్టి, రాలిన ఆకుల్లో చెయ్యి పెట్టి వెతుకుతూ ముందుకు పోతుంది. పండు దొరకగానే పిక్కను మెలితిప్పి తీసి బుట్టలో వేస్తుంది, పండును చెట్టు మొదట్లోకి విసురుతుంది. ఎదురుగా ఏముందో చూడని పని ఇది. ఒంటరిగా, ఇంకా చీకటి ఉండగా చేస్తున్న పని కూడా. ఎందుకంటే ఎండెక్కితే ఇసుక కాలిపోతుంది. ఆలస్యమైతే పిక్కలు దొంగలు ఏరుకుపోతారు. 80 కిలోల పిక్కల బస్తా ధర మీదే మా ఏడాది బతుకు ఆధారపడి ఉంది, ఒక్క పిక్కనూ వదులుకోలేం. కాబట్టి ‘తెల్లారాకే వెళ్లండి’ అని మైకులో చెప్పి ఊరుకుంటే సరిపోదు. సీజను నాలుగు నెలలూ తోటల్లో ఉదయం గస్తీ పెట్టండి. అటవీశాఖ సిబ్బందితోపాటు మా ఊరి కుర్రాళ్లలో కొందరికి శిక్షణ, రోజుకూలీ ఇచ్చి తోట గస్తీదారులుగా నియమించండి. తెల్లవారుజామునే వాళ్లు దారుల వెంట నడిచి, ఇసుకలో తాజా అడుగులు, కొత్తగా తవ్విన పుట్ట, జీడి తొక్కలతో నిండిన పెంట కనబడితే ఆ తోటకి ఆ పూట వెళ్లవద్దని ఊరికి కబురు చేస్తారు. ఎలుగు అడుగు ఇసుకలో దాగదు. అయిదు వేళ్లూ, వాటి ముందు పొడుగాటి గోళ్ల గీతలూ పిల్లలు కూడా గుర్తుపడతారు. దిబ్బ నేల మాకు ఇచ్చిన సాయం అది, దాన్ని వాడుకోవాలి.

కూలీ మనుషులకు గుంపుగా పోవడం, మాట్లాడుకుంటూ పోవడం, చేతిలో కర్ర, మెడలో విజిల్, తలకు కట్టుకునే టార్చి అవసరం. వీటికి అయ్యే ఖర్చు పెద్దది కాదు. మహిళా సంఘాల ద్వారా సీజను ముందే అందించాలని కోరుతున్నాం. తోట యజమానులు కూలీల్ని ఒంటరిగా పంపకుండా పంచాయతీ తీర్మానం చేయడానికి మేం సిద్ధం. దాన్ని అమలు చేయించే బలం మీరివ్వాలి. నువ్వలరేవు, మంచినీళ్లపేట వైపు వేటకు పోయే మత్స్యకారులకూ ఇదే గోడు. వాళ్లు సముద్రానికి పోయేది తెల్లవారకముందే, తోటల మధ్య ఇసుక బాటల మీదే. ఆ బాటలకి రెండు పక్కలా అయిదారు మీటర్ల మేర పొదలు కొట్టించాలి. ఉపాధి పనుల్లో ఈ పని పెట్టవచ్చు. పొద అనగానే అంతా నరికేయమని కాదు. దారి పక్కన, ఇళ్ల దగ్గర, బడి వెనక మాత్రమే. దిబ్బల మీది మొగలి డొంకలు ఎలుగుకి ఇల్లు. అది అక్కడుంటేనే ఇక్కడికి రాదు.

ఇప్పుడు జీడిపండు సంగతి. దీన్ని ఇప్పటిదాకా ఏ సమావేశంలోనూ ఎవరూ ఎత్తలేదు, మా లెక్కలో ఇదే అసలు సమస్య. పండు బరువు పిక్క బరువుకి అయిదు రెట్లకు పైనే ఉంటుంది. ఒక బస్తా పిక్కలు నిండిందంటే తోటలో నాలుగైదు వందల కిలోల పండు వదిలేశామన్నమాట. అది చెట్ల మొదట్లో కుప్పలుగా పడి, మధ్యాహ్నానికి పులిసి, సాయంత్రానికి ఊరంతా ఆ వాసన. దూరం నుంచి పుట్టలోని చెదల్ని పసిగట్టే ముక్కుకి ఈ కుప్పలు ఎంత పిలుపో వేరే చెప్పాలా? ఇళ్లకు ఆనుకున్న తోటల్లో కుప్పలున్నన్నాళ్లు ఎన్ని లైట్లు పెట్టినా ఎలుగు వస్తుంది.

కాబట్టి జీడిపండును సేకరించే ఏర్పాటు కావాలి. గోవాలో ఆ పండుతో ఫెనీ తీస్తారు. రసం, స్క్వాష్, జామ్ చేయవచ్చని మన వ్యవసాయ శాస్త్రవేత్తలు ఎప్పటినుంచో చెబుతున్నారు. బాపట్లలో జీడిమామిడి పరిశోధన కేంద్రమే ఉంది. పలాసలో పిక్కను పప్పు చేసే పరిశ్రమ ఇంత పెద్దదిగా ఉన్నప్పుడు పండుకి ఒక చిన్న కేంద్రమైనా లేకపోవడం మాకు రెండు విధాల నష్టం. ఒకటి, పడేస్తున్న పంట. రెండు, ఆ పంట పిలుచుకొస్తున్న ప్రమాదం. మండలానికి ఒక సేకరణ కేంద్రం పెట్టి, కిలోకి ఎంతో కొంత ధర ఇస్తే ఇళ్ల దగ్గరి తోటల్లో ఒక్క పండు కూడా మిగలదు. ఆ పని చేయడానికి మా మహిళా సంఘాలు ముందుకొస్తాయి. అది సిద్ధమయ్యేలోగా ఈ సీజనుకి ఊరి నుంచి రెండు మూడు వందల మీటర్ల లోపు ఉన్న తోటల్లో పండ్లను ఏ రోజుకారోజు గుంతలో వేసి మట్టి కప్పడానికి కూలీ ఖర్చు ఇవ్వండి. పనసకీ ఇదే వర్తిస్తుంది. ఇంటి పెరట్లో ముగ్గిన పనసకాయను చెట్టునే వదిలేయకుండా మేం కోసేస్తాం. అది మా వంతు పని.

పండొక్కటే కాదు, నూనె వాసనా ఎలుగును ఊళ్లోకి లాగుతుంది. గ్రామదేవత గుళ్లలో ప్రమిదల నూనె నాకడానికి, కొబ్బరిచిప్పలకి ఎలుగు రావడం మా ఊళ్లలో కొత్త కాదు. బడి వంటగదిలో, అంగన్‌వాడీలో నూనె, బెల్లం, పప్పు దాచే గదుల తలుపులు చూడండి. చాలాచోట్ల పాత చెక్క తలుపు, ఒక గొళ్లెం. అంగన్‌వాడీకి వచ్చేది మూడేళ్ల పిల్లలు. ఆ గదులకు ఇనుప తలుపులు, కిటికీలకు చువ్వలు ఈ సీజనులోపే పెట్టించాలి. గుడి నిర్వాహకులతో మేమే మాట్లాడతాం. రాత్రి గుడి మూసేముందు ప్రమిదలు తుడిచి, ప్రసాదం మిగలకుండా చూసుకుంటాం.

మరుగుదొడ్ల గురించి చెప్పుకోవడం మాకు ఇబ్బందే, కానీ చెప్పక తప్పదు. కట్టినవి ఉన్నాయి, నీళ్లు లేవు. ఉద్దానంలో మంచినీళ్ల కష్టం, కిడ్నీ జబ్బుల బాధ తమకు కొత్తగా చెప్పనక్కర్లేదు. నీళ్లు లేక, చీకట్లో డొంకల వైపు వెళ్లే ఆడవాళ్లకు పాము భయానికి తోడు ఎలుగు భయం. ఒక పెద్దావిడ గ్రామసభలో అన్న మాట ఇది: “ఎలుగు కనబడితే పరిగెట్టొద్దని సెబుతారు బాబూ, కాళ్లు మాట ఇంటాయా? అసలు ఆ ఏళప్పుడు ఆడికి ఎల్లకుండా సెయ్యండి.” ఇంతకన్నా బాగా మేం రాయలేం. ఊరి చివరి వీధులకు, దళితవాడలకు ముందుగా కుళాయి నీళ్లు, వీధిదీపాలు ఇవ్వండి. తోటకి ఆనుకుని ఉండేది వాళ్ల ఇళ్లే.

ఇక ఎలుగు కనబడినప్పుడు ఏం జరుగుతోందో చూడండి. ఎవరో కేక వేస్తారు. పావుగంటలో మూడు ఊళ్ల జనం. సగం మంది చేతుల్లో కర్రలు, మిగతా సగం చేతుల్లో ఫోన్లు. చుట్టూ మనుషులే ఉంటే ఎలుగుకు పోవడానికి దారి ఉండదు. అది దొరికిన సందులోంచి దూసుకొస్తుంది, అడ్డొచ్చినవాణ్ని చీల్చుకుంటూ పోతుంది. ఒక్క మనిషి మీద జరిగిన దాడి అరడజను మంది మీద దాడిగా మారేది ఇలాగే. అటవీ సిబ్బందికి కబురు వెళ్లి, వాళ్లు వచ్చేసరికి గంటలు గడిచిన సందర్భాలున్నాయి. వచ్చినవాళ్ల దగ్గర వల ఉంటే మత్తు తుపాకీ ఉండదు, తుపాకీ ఉంటే పశువైద్యుడు ఉండడు. ఆ కింది స్థాయి ఉద్యోగుల్ని మేం తప్పు పట్టడం లేదు. లాఠీ ఒకటి చేతికిచ్చి ఎలుగు ముందుకు పంపితే వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

అందుకే ఈ మూడు మండలాలకూ కలిపి మార్చి నుంచి జూన్ దాకా ఒక ప్రత్యేక బృందం ఇక్కడే మకాం ఉండాలి. విశాఖ నుంచి రావాల్సిన పని లేకుండా మత్తుమందు వాడడంలో అనుభవమున్న పశువైద్యుడు, బోను, వల, వాహనం, రాత్రి వెలుతురుకు దీపాలు, గాయపడ్డ ఎలుగును నీడలో చల్లగా తరలించే ఏర్పాటు అన్నీ ఆ బృందం దగ్గరే ఉండాలి. ఎండాకాలంలో మత్తు ఇచ్చిన జంతువు వేడికి తట్టుకోలేదని మాకు కిడిసింగి తర్వాత అధికారులే చెప్పారు. అలాంటప్పుడు తరలించే బండి, నీళ్లు ముందే సిద్ధంగా ఉండాలి కదా. ఒకే ఫోన్ నంబరు ఉండాలి, రాత్రీ పగలూ ఎత్తాలి. ఆ నంబరు ప్రతి తోట కాపలా పాక మీద, రేషన్ షాపు గోడ మీద, సచివాలయం తలుపు మీద రాయించండి. ఎలుగు ఉన్న చోట జనం గుమిగూడకుండా పోలీసులు వెంటనే తాడు కట్టాలి. అవసరమైతే భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 163వ సెక్షన్ కింద అక్కడికక్కడే నిషేధాజ్ఞలు జారీ చేసే ఏర్పాటు ముందుగానే చేసి ఉంచండి. మా కుర్రాళ్లకి ఇది నచ్చకపోవచ్చు. అయినా అడుగుతున్నాం.

చట్టం గురించీ ఊళ్లలో భయాలున్నాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఎలుగుబంటి మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని వేటాడటం నేరం. ఆ సంగతి అందరికీ తెలుసు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆత్మరక్షణ కోసం సద్భావంతో చేసిన పని నేరం కాదని అదే చట్టంలోని 11వ సెక్షన్ చెబుతుందన్న సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. దాంతో దాడి నుంచి తప్పించుకున్నవాడు కూడా కేసు పెడతారేమోనని ఫిర్యాదు చేయడం లేదు. ఫిర్యాదు లేకపోతే లెక్క లేదు, లెక్క లేకపోతే నిధులు లేవు. ప్రతి ఊళ్లో గ్రామసభ పెట్టి, అటవీ అధికారులే వచ్చి, ఈ చట్టం రెండు వైపులా ఏం చెబుతోందో తెలుగులో చదివి వినిపించాలని కోరుతున్నాం. ఉచ్చులు వేయడం, నాటుబాంబులు, తోట చుట్టూ కరెంటు తీగ పెట్టడం మనుషుల్నీ చంపుతాయి. అవి పెట్టినవాళ్ల పేర్లు మేమే ఇస్తాం.

అదే సభల్లో, ఎలుగు ఎదురైతే ఏం చేయాలో నేర్పించండి. పరిగెత్తితే వెంటపడుతుంది, మనిషి కన్నా అదే వేగంగా పరిగెడుతుంది. చెట్టెక్కితే లాభం లేదు, అదీ ఎక్కుతుంది. కుక్కను తోటకి వెంట తీసుకెళితే, కుక్క దాన్ని రెచ్చగొట్టి యజమాని దగ్గరికే పరిగెత్తుకొస్తుంది. దూరంగా కనబడితే చప్పుడు చేయకుండా, దాని వైపే చూస్తూ వెనక్కి జరగాలి. మీద పడితే బోర్లా పడుకుని, రెండు చేతులతో మెడ వెనకభాగం, తల కప్పుకోవాలి. ఇవి పుస్తకంలో చదివితే గుర్తుండవు. బడి పిల్లలతో, కూలీ మనుషులతో ఒకసారి చేయించి చూపిస్తేనే గుర్తుంటాయి.

దాడి జరిగాక చికిత్స గురించి. ఎలుగు గాయాల్లో ఎక్కువ తల మీద, ముఖం మీద. కన్ను, ముక్కు, దవడ ఎముకలు. ఒక ఆసుపత్రిలో కట్టు కట్టి మరో ఆసుపత్రికి, అక్కడినుంచి ఇంకో ఆసుపత్రికి పంపుతూ ఉంటే విశాఖ చేరేసరికి రెండొందల కిలోమీటర్ల ప్రయాణం, సగం రోజు. ఆలోగా కన్ను పోతోంది, గాయం చీము పడుతోంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ప్రారంభమైంది. కిడ్నీ రోగులకు అది పెద్ద అండ. సీజను నాలుగు నెలలైనా అక్కడ గాయాలకు శస్త్రచికిత్స చేసే బృందాన్ని, ముఖ, దవడ నిపుణుణ్ని ఉంచండి. మా దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో రేబిస్ టీకా, ఇమ్యునోగ్లోబ్యులిన్, ధనుర్వాతం ఇంజెక్షను ఎప్పుడూ నిల్వ ఉండాలి. ఎలుగు కరిచినా రేబిస్ ప్రమాదం ఉందని, గాయాన్ని సబ్బునీళ్లతో పావుగంట కడగాలని ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇవ్వండి. తగ్గిన తర్వాత కూడా మిగిలేది ఉంది. ముఖం చెదిరిన మనిషి పెళ్లికి వెళ్లదు, బజారుకి పోదు. ముఖానికి మళ్లీ శస్త్రచికిత్సలు అవసరమైతే అవీ ఉచితంగా, విశాఖలో జరిగేలా చూడాలి. కన్ను, చెయ్యి పోయినవాళ్లకు వికలాంగుల ధ్రువపత్రం, పింఛను కోసం ఆఫీసుల చుట్టూ తిప్పకండి. ఆసుపత్రి మంచం మీదే ఆ పని పూర్తి కావాలి.

పరిహారానికి వస్తే, కేంద్ర పర్యావరణ, అటవీ మంత్రిత్వ శాఖ 2023 డిసెంబరులో వన్యప్రాణుల దాడిలో మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షల రూపాయలు, తీవ్రగాయానికి 2 లక్షలుగా మొత్తాన్ని పెంచింది. ఆ మొత్తం తగ్గకుండా మాకూ అందాలి. అంతకన్నా ముఖ్యం ఎప్పుడు అందుతుంది, ఎవరికి అందుతుంది అన్నది. తోట ఎవరి పేరున ఉంది, పట్టా ఉందా, సరిహద్దు అటవీ భూమా అని అడుగుతూ పోతే చనిపోయిన కూలీ మనిషి కుటుంబానికి ఏళ్లు గడుస్తాయి. మా దగ్గర తోట ఒకరిది, కౌలు ఒకరిది, పిక్క ఏరేది మరొకరు. ప్రాణం పోయింది ఎవరిదో చూడాలి కానీ భూమి ఎవరిదో కాదు. అంత్యక్రియలు ముగిసేలోపు కొంత సొమ్ము, మిగతాది నెల రోజుల్లో చేతికి రావాలని కోరుతున్నాం. గాయపడ్డవాళ్లకు తోటకి పోలేని రోజుల కూలీ కూడా ఇందులో కలపండి.

ఇంత వరకూ మనిషి వైపు చెప్పాం. ఎలుగు వైపు కూడా ఒకరు మాట్లాడాలి. మందస, టెక్కలి వైపు కొండల్లో రాతి క్వారీలు పేలుతున్నాయి. గుహలున్న కొండ బండరాళ్ల గుట్టగా మారితే అందులో ఉన్నది ఎక్కడికి పోతుంది? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా కొబ్బరి, జీడి, పనస చెట్లను నేలకూల్చింది. ఆ తర్వాత కొన్ని తోటలు మళ్లీ వేశాం, కొన్ని అలాగే పొదలు పెరిగి ఎలుగులు దాక్కునే చోట్లయ్యాయి. ఎన్ని ఎలుగులు ఉన్నాయి, ఎక్కడ ఈనుతున్నాయి, ఏ దారిన తిరుగుతున్నాయి అన్న లెక్క లేకుండా ఏ ప్రణాళికా నిలవదు. అటవీశాఖ ఏదైనా విశ్వవిద్యాలయంతో కలిసి కెమెరాలు పెట్టి ఒక ఏడాది పాటు సర్వే చేయాలి. ఎలుగులు ఈనే గుట్టల్ని గుర్తించి, అక్కడ కొత్త క్వారీ అనుమతులు ఆపాలి. కొండల మీద నేరేడు, రేగు, ఇప్ప, మర్రి పెంచాలి. వేసవిలో కొండ మీదే నీటి గుంతలు నిండేలా చూడాలి. దప్పికైన ఎలుగుకి కొండ మీద నీళ్లు దొరికితే మా బోరు తొట్టికి రాదు. కర్ణాటకలో హంపి దగ్గర దరోజీలో ఎలుగుల కోసమే ఒక అభయారణ్యం 1994 నుంచి ఉంది. అంత పెద్దది ఇక్కడ సాధ్యమా అన్నది నిపుణులు చెప్పాలి. సముద్రానికీ కొండకీ మధ్య ఇరుకైన మా నేల మీద ప్రజలు ఎక్కువ. అభయారణ్యం పేరుతో ఊళ్లను ఖాళీ చేయించడాన్ని మాత్రం మేం ఒప్పుకోం.

ఎక్కడా జరగనిది మేం అడగడం లేదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో అమెరికా నల్ల ఎలుగులుండే చిన్న ఊళ్లకు ఒక ప్రభుత్వ కార్యక్రమం ఉంది. ఎలుగు ఎందుకు వస్తోందో ఊరు ముందుగా అంచనా వేసుకోవాలి, ప్రణాళిక రాసుకోవాలి, చెత్తను ఎలుగు తెరవలేని డబ్బాల్లో ఉంచాలి, పెరటి పళ్లు సమయానికి కోసేయాలి, వీటికి స్థానిక నిబంధనలు చేసుకోవాలి, జనానికి ఏటా నేర్పుతూ ఉండాలి. ఇవన్నీ చేసిన ఊరికి ప్రభుత్వం గుర్తింపు ఇస్తుంది. మన ఎలుగుకీ ఆ ఎలుగుకీ తేడా ఉంది. అక్కడి నల్ల ఎలుగు మనిషిని చూస్తే సాధారణంగా పారిపోతుంది, చెట్టెక్కుతుంది. మనది నిలబడి తిరగబడుతుంది. అందుకని మనకు పండు కుప్పలు తీసేయడంతోపాటు ఉదయం గస్తీ తప్పనిసరి. కానీ పద్ధతి అదే: ఎలుగు వచ్చాక పరుగులు పెట్టకుండా, రావాల్సిన కారణాన్నే ఊళ్లో లేకుండా చేయడం. మన దేశంలో కేరళ 2024 మార్చిలో మనుషులకూ వన్యప్రాణులకూ మధ్య ఘర్షణను రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. దాంతో రెవెన్యూ, అటవీ, పోలీసు, వైద్య శాఖలు ఒకే చోట కూర్చుని పని చేయాల్సి వచ్చింది. మన జిల్లాలో విపత్తుల నిర్వహణ సంస్థకు అధ్యక్షులు తమరే. ఎలుగు దాడుల్ని తుపానులా ముందస్తు ప్రణాళికతో ఎదుర్కొనే పని తమరి చేతుల్లోనే మొదలవ్వగలదు.

మేం చేస్తామన్నవి మరోసారి ఒప్పుకుంటున్నాం. కూలీల్ని ఒంటరిగా పంపం, పెరటి పనస వదిలేయం, గుళ్లో నూనె మిగల్చం, ఉచ్చులు పెట్టనివ్వం, ఎలుగును చుట్టుముట్టం. గస్తీకి మనుషుల్ని, జీడిపండు సేకరణకు సంఘాల్ని ఇస్తాం. వీటిలో ఏది చేయకపోయినా మమ్మల్ని అడగండి.

ఫిబ్రవరి ముగిసేలోపు తమరు గానీ, తమరి తరఫున పలాస ఆర్డీవో గారు గానీ అటవీ, వైద్య, పోలీసు, ఉద్యాన శాఖల అధికారులతో వజ్రపుకొత్తూరు మండల కేంద్రంలో ఒక సమావేశం పెట్టించండి. మూడు మండలాల పంచాయతీల నుంచి మేం వస్తాం. గాయపడి బతికినవాళ్లలో మాట్లాడగలిగినవాళ్లూ వస్తారు, వాళ్ల మాట ముందు వినండి. ఆ రోజు ఏ పని ఎవరు, ఏ తేదీకి చేస్తారో రాసిన కాగితం ఒకటి ప్రతి పంచాయతీకీ అందాలి. సమావేశం అయ్యాక ఏదైనా ఒక తోటకి తమర్ని తీసుకెళ్లి పుట్టలు, బాటలు, పండు కుప్పలు పడే చోట్లు చూపిస్తాం. సాయంత్రం నాలుగు లోపు అయితే మంచిది.

ఇట్లు,
వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట మండలాల తోటల ఊళ్ల ప్రజలు
(సంతకాలు, వేలిముద్రలు జతపరచడమైనది)